పడిశం మాత్రే గదా!

‘పడిశం పదిరోగాల పెట్టు’ అని మా మామయ్యగారు తుమ్మినప్పుడల్లా అంటూ ఉంటారు. ముప్పయ్యారేళ్ళు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి పొందినవారు కనుక, సామెత తోడు లేకుండా ఆయన తుమ్మనైనా తుమ్మరు. ఈ సామెతను నేను కాపురానికి వచ్చిన నాటినుంచి వింటూనే ఉన్నాను. కాని, పడిశం పదిరోగాలతో సమానమైనప్పుడు దానికి వేసికొనే మాత్ర మాత్రం చిల్లర వస్తువు ఎలా అవుతుందన్న ప్రశ్న, 2024 సంక్రాంతి వెళ్ళిన నాలుగోనాటి రాత్రివరకు నాకు తోచలేదు.

ఆ యేడు భోగిమంటల పొగ మా తెనాలి వీధిని రెండు రోజులు వదలలేదు. పైగా తెల్లవారుజామున మంచు. మామయ్యగారికి అప్పటికి డెబ్బయి నాలుగేళ్ళు. పండుగ సందడి ముగిసేనాటికి ఆయనకు ముక్కు దిబ్బడ వేసి, కళ్ళవెంట నీరు కారుతూ, గొంతు బొంగురుపోయింది. అత్తయ్యగారు ఉన్న రోజుల్లో శొంఠి కషాయమో, మిరియాల చారో, పసుపు వేసిన ఆవిరో నడిచేది. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. నాకా, ఒప్పుకొన్న అనువాదపు గడువు ముంచుకొస్తున్నది. మావారు బ్యాంకు తనిఖీ పనిమీద అనంతపురం వెళ్ళారు. వీధి చివర మందుల షాపుకు వెళ్ళి, ‘పడిశానికి మంచి మాత్ర ఇవ్వండి’ అన్నాను. కుర్రవాడు ఒక పట్టీ తీసి, కత్తెరతో ఆరు మాత్రలు కత్తిరించి, చిన్న కాగితపు సంచిలో వేసి, ‘పూటకొకటి’ అన్నాడు. ఎవరికి అని అతడు అడుగలేదు. ఎవరికో నేను చెప్పలేదు. పచారీ కొట్టులో పావుకిలో బెల్లం కొనేటప్పుడైనా ఇంతకంటే ఎక్కువ సంభాషణ జరుగుతుంది.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. నేను ఇంగ్లీషు సాహిత్యం చదువుకొని, ఇరవై యేళ్ళుగా అనువాదాలతోనే కాలక్షేపం చేస్తున్నదానిని. నవలలు అనువదిస్తే పేరు వస్తుంది; కరపత్రాలు అనువదిస్తే బియ్యం వస్తాయి. ఆ సంక్రాంతికి మూడు నెలల ముందే, అలర్జీ మాత్రలకు సంబంధించిన ఒక సమాచార పత్రాన్ని తెలుగులోకి మార్చి ఇచ్చాను. ఈ మందు వాడకముందు వైద్యునికి తెలుపవలసిన వ్యాధులు అన్న శీర్షిక కింద రక్తపోటు, గుండెజబ్బు, థైరాయిడ్ ఉద్రేకం, నీటికాసులు, పౌరుష గ్రంథి వాపు అని వరుసగా వ్రాశాను. దుష్ఫలితాల కింద ‘మూత్ర నిరోధము కలుగవచ్చును’ అని కూడ వ్రాశాను. ‘నిరోధము’ అనాలా, ‘అవరోధము’ అనాలా అని ఒక పూటంతా తర్జనభర్జన పడ్డాను. మాటకోసం అంతగా వెదకిన నేను, ఆ మాట ఎవరికి వర్తిస్తుందో ఆ మనిషి మా వసారాలో పడక కుర్చీలో కూర్చుండగా, ఆయన చేతిలో మాత్రా మంచినీళ్ళ గ్లాసూ పెట్టి లోపలికి వెళ్ళిపోయాను. పట్టీ వెనక చిన్న అక్షరాలు ఉన్నాయి. ఇంగ్లీషు చదవడమే నా జీవనోపాధి. ఆ నాలుగు పంక్తులు మాత్రం చదువలేదు.

మొదటిరోజు మూడు మాత్రలు పడ్డాయి. కారే ముక్కు ఆగింది. పగలంతా ఆయన కునికిపాట్లు పడుతుంటే, ‘పోనీలే, విశ్రాంతి దొరికింది’ అని సంతోషించాను. నోరు ఎండిపోతున్నదని మాటిమాటికీ మంచినీళ్ళు అడిగారు, ఇచ్చాను. రెండవరోజు మరో మూడు. ఆ సాయంత్రం భోజనం వద్దన్నారు. పెరటివైపు నాలుగైదుసార్లు వెళ్ళి రావడం చూశాను. పెద్దవయసు గదా అనుకొన్నాను.

రాత్రి రెండు దాటిన తరువాత మా అబ్బాయి వచ్చి నన్ను లేపాడు. వాడప్పుడు పదో తరగతి. తాతయ్య గదిలోనే పడుకొనేవాడు.

‘అమ్మా, తాతయ్యకి ఏదో శంక వచ్చిందట. చాలా భయపడుతున్నాడు.’

‘ఏం శంకరా?’

‘ఏమో! లఘుశంక బంధించింది అంటున్నాడు. ఎవరిమీద శంక అని అడిగితే చెప్పడం లేదు.’

ఇంగ్లీషు మీడియం పిల్లవానికి ఆ మాట తెలియదు. కోడలి చెవిన పడే అవకాశమున్న చోట పండితులవారికి అంతకంటే తేలిక మాట నోట రాదు. నేను మంచం మీద లేచి కూర్చుని ఆ రెండు మాటలను నాలో నేను అనువదించుకొన్నాను. ఇరవై యేళ్ళ వృత్తిలో ఏ వాక్యమూ నన్ను అంతగా వణికించలేదు.

సాయంత్రం ఆరింటినుంచి ఆయనకు ఒక్క చుక్క రాలేదు. ఎనిమిది గంటలపాటు ఆ బాధను పళ్ళ బిగువున భరించారు. పొత్తికడుపు బోర్లించిన కుండలా ఉబ్బి ఉంది. నుదుట చెమట. నన్ను చూడగానే ఆయన చేసిన మొదటి పని దుప్పటిని మెడదాకా లాక్కోవడం. ‘ఏమీ లేదమ్మాయ్, నువ్వు వెళ్ళి పడుకో. అబ్బాయి రేపు వస్తాడుగా’ అన్నారు.

అబ్బాయి వచ్చేదాకా ఆగే బాధ కాదది. ఎదురింటివారి ఆటోలో నర్సింగ్ హోముకు తీసికొని వెళ్ళాం. రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరుగారు నా వయసువాడే. నన్ను బయట కూర్చోమని, గొట్టం వేసి, పావుగంట తరువాత పిలిచారు. దాదాపు తొమ్మిది వందల మిల్లీలీటర్లు వచ్చిందట. రక్తపోటు 190, కింద 104. అందులో నొప్పి వాటా ఎంతో, మాత్ర వాటా ఎంతో ఇప్పుడు విడదీసి చెప్పలేనన్నారు. మామయ్యగారు కళ్ళు మూసికొని, ‘ప్రాణం కుదుటపడింది’ అని మాత్రం అన్నారు.

‘ఏమేం మందులు వాడుతున్నారు?’ అని డాక్టరుగారు అడిగారు. రక్తపోటు మాత్ర పేరు చెప్పాను. ‘ఇంకా?’ అన్నారు. ఇంకేమీ లేదన్నాను. ‘నిన్న, మొన్న?’ అన్నారు. అప్పుడు జ్ఞాపకం వచ్చి, ‘పడిశం మాత్రే గదా, అదీ చెప్పాలా?’ అంటూ సంచిలోని ఖాళీ పట్టీ ముక్క చూపించాను. కత్తెర సరిగ్గా పేరు మధ్యగా నడిచింది. మందు పేరులో వెనక సగమూ, దినుసుల జాబితాలో కింది మూడు పంక్తులూ మిగిలాయి. డాక్టరుగారు దానిని దీపం కిందికి తెచ్చి, మిగిలిన అక్షరాలనుబట్టి చదివారు: పారాసెటమాల్ 500 మిల్లీగ్రాములు, ఫినైలెఫ్రిన్ 10, క్లోర్‌ఫెనిరమిన్ 2. ఒక చిన్న మాత్రలో మూడు మందులు. నేను ఒక మందు కొన్నాననుకొన్నాను.

‘ప్రోస్టేట్ ఇబ్బంది ఉందా ఈయనకు?’ అన్నది ఆయన తరువాతి ప్రశ్న. లేదని చెప్పబోతున్నాను. మంచం మీదనుంచి మెల్లగా, ‘నా పెట్టెలో ఒక కాగితం ఉన్నది’ అని వినిపించింది. రెండేళ్ళ క్రితం గుంటూరులో ఎవరితోనూ చెప్పకుండా ఒక్కరే వెళ్ళి చూపించుకొన్నారట. గ్రంథి పెరిగిందని చెప్పి మందు వ్రాశారట. నెల రోజులు వాడి మానేశారట. ఆ కాగితం సంగతి కొడుకుకు కూడ తెలియదు. రాత్రిపూట నాలుగుసార్లు లేవడం ఇంటిల్లిపాదికీ తెలుసు. దానికి ముసలితనమని పేరు పెట్టుకొని ఊరుకొన్నాం. ఆ గ్రంథికి తెలుగులో ‘పౌరుష గ్రంథి’ అని పేరుపెట్టిన మహానుభావుడెవరో గాని, పౌరుషం ఉన్నవాడెవడూ అది వాచిందని కోడలితో చెప్పడు.

తెల్లవారిన తరువాత డాక్టరుగారు చీటీ వెనక ఒక బొమ్మ గీసి నాకు విషయం వివరించారు. హిస్టమిన్ అనే పదార్థం ముక్కులోను కళ్ళలోను చేసే అల్లరివల్ల తుమ్ములు, దురద, నీరుకారడం కలుగుతాయి. క్లోర్‌ఫెనిరమిన్ దానికి అడ్డు నిలుస్తుంది. అది దాని వృత్తి. అయితే ఎసిటైల్‌కోలిన్ అనే మరొక సందేశవాహకుని దారికి కూడ అడ్డుపడడం దాని దురలవాటు. నోట లాలాజలం ఊరడానికీ, మూత్రాశయపు కండరం ముడుచుకొని నీటిని బయటకు నెట్టడానికీ ఆజ్ఞ మోసికొనిపోయేది ఆ రెండవదే. నోరెండిపోతున్నదని ఆయన మంచినీళ్ళు అడిగినప్పుడే దేహం ఒక కబురు పంపింది. నేను ఆ కబురును చదువుకోలేక, నిండుతున్న తిత్తిలోకి మరిన్ని నీళ్ళు పోశాను. ఇక ఫినైలెఫ్రిన్ పని రక్తనాళాలను బిగించడం. ముక్కులోపలి వాపు తగ్గాలని దానిని చేరుస్తారు. మూత్రాశయపు మెడవద్దా, ప్రోస్టేట్ గ్రంథిలోనూ ఉన్న కండరాలు కూడ అదే ఆజ్ఞకు బిగుసుకొంటాయి. ఇక్కడ ప్రధాన దోషి మొదటిదేననీ, రెండవది తోడుదొంగ కావచ్చుననీ డాక్టరుగారి అభిప్రాయం. ‘నెట్టేవాడి చేతులు కట్టేసి, తలుపు గడియ కూడ బిగించారన్నమాట’ అన్నారాయన. వయసులో ఉన్నవానికి ఆ తలుపు వెడల్పుగా ఉంటుంది గనుక ఏమీ తెలియదు. మామయ్యగారి తలుపు అంతకుముందే సగం మూసి ఉంది.

అలర్జీ అన్న మాటను 1906లో వియన్నాకు చెందిన పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే సృష్టించాడు. దానికి తెలుగేమిటని సమాచార పత్రం అనువదించేటప్పుడు చాలాసేపు ఆలోచించాను. అసాత్మ్యత అంటే వైద్యులకు తెలుస్తుంది, రోగులకు తెలియదు. నిజానికి మనకు అంతకంటే చక్కని క్రియ ఎప్పటినుంచో ఉన్నది: ‘పడదు.’ వంకాయ పడదు, దుమ్ము పడదు, ఫలానా ఊరి నీళ్ళు పడవు, అత్తాకోడళ్ళకు పడదు. దోషమంతా వంకాయదనీ కాదు, మనిషిదనీ కాదు. ఆ రెంటి కలయికది. మందులకు కూడ ఈ క్రియ అక్షరాలా వర్తిస్తుందని నేను గ్రహించింది ఆ నర్సింగ్ హోము బల్లమీద కూర్చున్నప్పుడే. ఆ మాత్ర చెడ్డది కాదు. మామయ్యగారు చేసిన తప్పూ లేదు. వారిద్దరికీ పడదు. ఆ సంగతి ముందుగా కనుక్కోవడమే మధ్యవర్తి పని. మధ్యవర్తిని నేను.

ఈ మందుల చరిత్ర తెలిసికోవాలన్న కుతూహలం ఆ తరువాత కలిగింది. చైనా వైద్యంలో మా హువాంగ్ అనే మొక్కను ఉబ్బసానికీ పడిశానికీ తరతరాలుగా వాడుతూ వచ్చారు. 1885లో జపాను శాస్త్రజ్ఞుడు నాగాయి నాగయోషి దానినుంచి ఎఫిడ్రిన్‌ను వేరుచేశాడు. ముక్కు దిబ్బడ తగ్గించే మాత్రల వంశవృక్షానికి మూలం అదే. తుమ్ములను ఆపే మందుల పరిశోధనకు బాటవేసిన డేనియల్ బోవే 1957లో నోబెల్ బహుమతి పొందాడు. మహత్తరమైన చరిత్రే. కాని ఈ వంశంలో మచ్చలూ ఉన్నాయి. పడిశం మాత్రలలో విరివిగా వాడిన ఫినైల్‌ప్రొపనోలమిన్ వల్ల మెదడులో రక్తస్రావం జరిగే ప్రమాదమున్నదని తేలడంతో, 2000 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానిని అమ్మకాలనుంచి ఉపసంహరించవలసిందిగా కంపెనీలను కోరింది. సూడోఎఫిడ్రిన్ ముక్కుకు పనిచేస్తుంది గాని, దానితో నిషిద్ధమైన మత్తుపదార్థం తయారుచేసేవారు బయలుదేరడంతో 2006నుంచి అమెరికాలో దానిని కౌంటరు వెనక పెట్టి, కొనేవారి వివరాలు వ్రాసికొని అమ్మడం మొదలైంది. ఆ ఖాళీలోకి ఎక్కువగా వచ్చి కూర్చున్నది మన ఫినైలెఫ్రిన్. మింగినప్పుడు దానిలో అధికభాగం పేగులలోను కాలేయంలోను విచ్ఛిన్నమైపోయి ముక్కుదాకా చేరేది అత్యల్పం. 2023 సెప్టెంబరులో ఆ సంస్థ సలహాసంఘం, మాత్రగా మింగే ఫినైలెఫ్రిన్ ముక్కు దిబ్బడకు పనిచేయదని ఏకగ్రీవంగా తేల్చింది. 2024 నవంబరులో దానిని అనుమతి జాబితానుంచి తొలగించాలని సంస్థ ప్రతిపాదించింది. ఇది ప్రమాదకరమన్న కారణంతో కాదు, నిష్ప్రయోజనమన్న కారణంతో. ఇది చదివిన నాడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తోడుదొంగ అని అనుమానించినవాడు అసలు ఉద్యోగమే చేయడంలేదట!

క్లోర్‌ఫెనిరమిన్‌తో నాకు స్వంత పరిచయం కూడ లేకపోలేదు. పాత నిఘంటువుల దుమ్ము నాకు పడదు. పదేళ్ళ క్రితం ఒకరోజు తుమ్ములు ఆగక ఒక మాత్ర వేసికొని పనికి కూర్చున్నాను. నేను నిద్రపోలేదు, నిద్ర వచ్చినట్లు కూడ అనిపించలేదు. ఇరవై పుటలు చేసి పంపాను. వారం తరువాత సంపాదకులనుంచి ఉత్తరం వచ్చింది. కథలో నాయకునికి మామగారింట ‘కోల్డ్ రిసెప్షన్’ లభించిందన్న చోట నేను ‘చల్లని విందు’ పెట్టించానట. నాకు నేను చురుకుగా ఉన్నాననుకోవడమే ఈ మందు చేసే మోసం. నా తప్పును సంపాదకుని ఎర్రసిరా దిద్దింది. అదే మత్తులో స్కూటరు నడిపేవానికీ, రంపం వద్ద పనిచేసేవానికీ ఆ సౌకర్యం లేదు. రాత్రి వేసికొన్న మాత్ర మందకొడితనం మరునాటి ఉదయం వరకూ ఉండవచ్చు. మద్యంతోగాని నిద్రమాత్రతోగాని కలిస్తే అది రెట్టింపవుతుంది. వృద్ధులు రాత్రివేళ లేచి తూలిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకొనే ప్రమాదమూ ఉన్నది. తరువాత వచ్చిన సెట్రిజిన్‌కు మత్తు తక్కువ, పూర్తిగా లేకపోలేదు. ఫెక్సోఫినాడిన్‌కు మరీ తక్కువ. దానిని మాత్రం కమలా, ఆపిల్ రసాలతో మింగకూడదు. ఆ రసాలు మందును ఒంటబట్టనివ్వవు. మంచినీళ్ళే శ్రేష్ఠం.

ముక్కులో వేసే చుక్కల కథ వేరు. నాతో పనిచేసే ఒక ప్రూఫురీడరుగారు జైలోమెటజోలిన్ చుక్కలను రెండేళ్ళపాటు చీరకొంగున ముడివేసుకొని తిరిగింది. వేసికొన్న అయిదు నిమిషాలలో ముక్కు తెరుచుకొంటుంది; కొన్ని గంటలకు మునుపటికంటె గట్టిగా మూసుకొంటుంది; మళ్ళీ చుక్కలు. చివరికి రోగం తగ్గినా, మందు పుట్టించిన దిబ్బడ మాత్రం ఉండిపోయింది. మూడు రోజులు, మహా అయితే అయిదు, అంతకు మించి వాటిని వాడకూడదు. ఆమెకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. మాన్పించడానికి ముక్కు డాక్టరుగారికి నెలన్నర పట్టింది.

నర్సింగ్ హోములో నేను చేసిన మరొక లెక్క చెప్పాలి. ఒళ్ళునొప్పులని రెండవరోజు మామయ్యగారికి జ్వరం మాత్రలు కూడ రెండిచ్చాను. అవి ఒక్కొక్కటి 650 మిల్లీగ్రాముల పారాసెటమాల్. పడిశం మాత్రలు మూడింటిలో 1500. మొత్తం 2800 మిల్లీగ్రాములు ఒక్కరోజులో పడ్డాయి. ఆరోగ్యవంతుడైన పెద్దమనిషికి రోజుకు 4000 దాటరాదంటారు. వృద్ధులకు, కాలేయం బలహీనంగా ఉన్నవారికి, మద్యం అలవాటున్నవారికి ఇంకా తక్కువలోనే ఆగాలి. హద్దు దాటలేదు నిజమే. కాని దాటకపోవడం నా తెలివివల్ల కాదు. పడిశానికొకటి, జ్వరానికొకటి, తలనొప్పికొకటి అని మూడు పేర్లతో మూడు మాత్రలు మింగి, మూడింటిలోనూ పారాసెటమాల్ ఉన్నదని తెలియని ఇళ్ళు ఎన్ని ఉంటాయో!

పసిపిల్లల విషయం ఇంకా సున్నితమైనది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందులను నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడరాదని, ఆ హెచ్చరికను సీసాలమీద ముద్రించాలని మన కేంద్ర ఔషధ నియంత్రణాధికారులు 2023 డిసెంబరులో ఉత్తర్వు ఇచ్చారు. మా ఇంటి సంఘటనకు సరిగ్గా నెలరోజుల ముందు! 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో ఇరవైమందికి పైగా చిన్నపిల్లలను బలిగొన్న పానకంలో ఉండవలసిన మందులు కూడ ఇవే. అక్కడ ప్రాణం తీసింది అందులో కలిసిన డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం. అది వేరే నేరం. కాని, ఆ పిల్లలలో పలువురు ఆ మందు అసలు తాగకూడని వయసులో ఉన్నవారే అన్నది మరచిపోరానిది.

మూడురోజుల తరువాత గొట్టం తీశారు. అంతకుముందే ప్రోస్టేట్ కండరాలను వదులుచేసే మాత్ర మళ్ళీ మొదలుపెట్టారు. దేవుని దయవల్ల ఆయనకు మామూలుగానే వచ్చింది. ఇంటికి పంపేముందు డాక్టరుగారు మావారినీ నన్నూ కూర్చోబెట్టి, మందుల షాపులో ఎవరూ అడగని ప్రశ్నలన్నీ అడిగారు. కంటిలో ఒత్తిడి ఉన్నదా? చక్కెర వ్యాధి? గుండె దడ? థైరాయిడ్? ఫిట్స్? మానసిక వ్యాధికిగాని, పార్కిన్సన్ వ్యాధికిగాని మందులు వాడుతున్నారా? ఆ మందులలో కొన్నింటితో ముక్కు దిబ్బడ మాత్ర కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా ప్రమాదస్థాయికి పోగలదట. ఇంట్లో గర్భవతిగాని బాలింతగాని ఉంటే ఆమె తనంతట తాను ఈ మాత్రలజోలికి పోరాదన్నారు. ఊపిరాడకపోయినా, పెదవులూ ముఖమూ వాచినా ఇంట్లో అలర్జీ మాత్ర ఇచ్చి కనిపెట్టుకొని కూర్చోరాదనీ, అది ఆసుపత్రిలో అడ్రినలిన్ సూదిమందుతో జరగవలసిన చికిత్స అనీ హెచ్చరించారు.

‘మరి ఈయనకు పడిశం పడితే ఏం చేయాలి?’ అని మావారు అడిగారు. అన్నింటికంటె ముందు ఉప్పునీరు అన్నారు. పావులీటరు నీటిని మరిగించి, చల్లార్చి, పావుచెంచా ఉప్పు కలిపి ముక్కులు కడుక్కోవడం. నీటిని మరిగించడం మాత్రం మానరాదు. కుళాయినీటిని నేరుగా ముక్కులోకి ఎక్కించుకోవడం చాలా అరుదుగానైనా ప్రాణాంతకం కాగలదు. ఆవిరి పట్టవచ్చు, ఒళ్ళు కాలకుండా. మిరియాల చారుకు ఎవరి చీటీ అక్కరలేదన్నారు. దుమ్ము వల్ల ఏటేటా వచ్చే అలర్జీ అయితే, వైద్యుని సలహాతో ముక్కులో కొట్టుకొనే స్టిరాయిడ్ స్ప్రే మాత్రలకంటె మేలు. అది పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది గనుక చాలామంది రెండోనాడే విసిగి మానేస్తారట.

ఇంటికి వచ్చాక నా పాత అనువాద ప్రతిని తీసి చూసికొన్నాను. వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. ‘వైద్య పర్యవేక్షణ లేకుండ ఈ ఔషధమును సేవించుట అపాయకరము’ అన్న వాక్యం ఎంతో హుందాగా ఉన్నది. మన ఔషధ నియమావళిలోని షెడ్యూల్ ‘జి’ ప్రకారం క్లోర్‌ఫెనిరమిన్ వంటి మందులమీద ఈ అర్థం వచ్చే హెచ్చరిక ముద్రించాలి. ముద్రిస్తారు కూడ, చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాలలో. దానిని కత్తెర సగానికి కోస్తుంది. మిగిలిన సగాన్ని నావంటివారు చదువరు. చదివినా, ‘మూత్ర నిరోధము’ అన్న నా తెలుగును మా వీధిలో ఎంతమంది అర్థం చేసికొంటారు? ఆ రాత్రి లఘుశంక అన్న మాట మా అబ్బాయికి ఎంత అర్థమయిందో అంతే.

అందుకని ఒక తెల్లకాగితం మీద, ఇంట్లో ఎవరెవరికి ఏ జబ్బులున్నాయో, రోజూ ఏ మందులు వాడుతున్నారో, ఏది పడదో వ్రాసి మందుల అలమర తలుపుకు లోపలివైపు అంటించాను. మామయ్యగారి పేరెదురుగా ‘పౌరుష గ్రంథి వాపు; మూత్రావరోధ భయము’ అని మర్యాదగా వ్రాశాను. వారం తరువాత చూస్తే ఆ పంక్తి కొట్టివేసి ఉంది. దాని కింద, నల్లబల్లమీద ముప్పయ్యారేళ్ళు నడిచిన ఆ గుండ్రని దస్తూరీతో, ‘ఒంటికి రావడం కష్టం. పడిశం మాత్ర పడదు. ఆగిపోతే ఇంట్లో ఎవరికైనా సరే తక్షణం చెప్పవలెను’ అని ఉంది. ‘ఎవరికైనా సరే’ అన్నదాని కింద ఒక గీత.

2025లో మళ్ళీ భోగి వచ్చింది, మళ్ళీ పొగ, మళ్ళీ తుమ్ములు. ఉప్పునీరూ మిరియాల చారూ నడిచాయి. మాత్ర తేలేదు. మూడోనాడు ఉదయం ఆయన వసారాలో పత్రిక చదువుకొంటున్నారు. నేను కాఫీ గ్లాసు బల్లమీద పెట్టి, కాస్త తటపటాయించి, ‘మామయ్యగారూ, ఒంటికి సరిగా వస్తోందా?’ అని అడిగాను. ఇరవై యేళ్ళ కాపురంలో నేను ఆయనను అటువంటి మాట అడగడం అదే మొదలు.

ఆయన పత్రికను ముఖానికి మరికొంచెం దగ్గరగా పట్టుకొన్నారు.

‘వస్తోందమ్మాయ్’ అన్నారు.